నవంబరులో పెట్టిన భాగహారం

మా వాడలో ఎవరికీ భాగహారం రాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎందుకు రాదో తెలిసింది మాత్రం ఇరవై ఒకటో ఏట, టీచరు ట్రైనింగు రెండో సంవత్సరంలో, ఒక పాత ఫైలును కాపీ కొడుతూ ఉండగా.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న హిమాయత్‌నగర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గుంటెడు భూమి లేదు. పత్తి చేలల్లో కూలికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. మా వాడ నుంచి ట్రైనింగు కోసం నాందేడ్ దాకా పోయిన మొదటి పిల్లను నేనే. ఆ మాట మా అవ్వ కనిపించిన వాళ్ళకల్లా చెప్పేది. అవ్వ అంటే నాయనమ్మ అనుకునేరు, మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం.

రెండో సంవత్సరంలో ఏదైనా ఒక బడిలో ఉండి పాఠాలు చెప్పాలి. నేను అడిగి మరీ మా ఊరి బడే తీసుకున్నాను. నాలుగో తరగతి నాకప్పగించారు. దాంతోపాటు ఒక ప్రాజెక్టు. ఆ తరగతికి లెక్కల్లో ఏ వారం ఏ పాఠం చెప్పాలి, ఎలా చెప్పాలి, పిల్లలకు వచ్చిందో లేదో ఎలా చూడాలి, ఏడాది మొత్తానికి మేమే ఆలోచించి ప్రణాళిక రాయాలి. మరాఠీలో దాన్ని నియోజన్ అంటారు. కాలేజీలో మాకు గైడుగా ఉన్న సారు దాని మీద సంతకం పెడితేనే దీపావళి తర్వాత మళ్ళీ బడిలోకి రానిస్తారు. సంతకం లేకపోతే ఏడాది గంగలో కలిసినట్టే, వచ్చే జూన్‌లో మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

మేమే ఆలోచించాలన్నది పేరుకే. నడిచేదంతా గొర్రెదాటు. పై బ్యాచి అక్క తన ఫైలు నాకిచ్చింది. ఆమెకు అంతకు ముందు అక్క ఇచ్చింది. అట్ట మీద పేరూ సంవత్సరమూ మారతాయి, లోపల అక్షరం మారదు. ఎంత మారదంటే, జనవరి మూడో వారంలో ‘పిల్లలను సముద్రతీరానికి తీసుకువెళ్ళి గవ్వలు లెక్కపెట్టించుట’ అని ఉంది. నాందేడ్ జిల్లాలో సముద్రం ఎక్కడుంది నాయనా! ఎప్పుడో ఏ కొంకణ్ పిల్లో రాసుకున్నది చేతులు మారి మారి మా దాకా వచ్చింది. ఒక్కరూ కొట్టేయలేదు. నేను కూడా గవ్వలతో సహా కాపీ కొట్టాను, అబద్ధమెందుకు?

అలా రాసుకుంటూ నవంబరు పేజీకి వచ్చాను. మొదటి వారం సెలవులు. రెండో వారం భాగహారం పరిచయం. మూడో వారం రెండంకెల భాగహారం. నాలుగో వారం శేషం వచ్చే లెక్కలు. డిసెంబరు మొదటి వారంలో రాతలెక్కలు, పరీక్ష. అక్కడ నా పెన్ను ఆగిపోయింది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆ నాలుగు వారాలూ ఎక్కడున్నాను? పత్తి చేలో. దీపావళి దాటగానే పత్తి పగులుతుంది. ఏరినంతకు కిలోల లెక్కన కూలి కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ చేలోనే. మూడో తరగతిలో పోయాను, నాలుగులో పోయాను, ఐదులోనూ పోయాను. డిసెంబరులో తిరిగి బడికి వస్తే బోర్డు నిండా భాగహారాలు. ముందు వరుసల వాళ్ళు టకటకా చేసేవాళ్ళు. మా వాడ పిల్లలం వెనక కూర్చుని గుడ్లప్పగించి చూసేవాళ్ళం. బడిలో టీచరమ్మను బాయి అని పిలుస్తాం. అప్పటి మా బాయి, “మీ వాడ పిల్లలకు భాగాకారం తలకెక్కదు” అంది. కోపంతో కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ మంట.

పంతొమ్మిదో ఏట, ట్రైనింగు సీటు కోసం, నాలుగో తరగతి లెక్కల పుస్తకం దుపట్టా కింద దాచుకుని ఒక్కదాన్నే భాగహారం నేర్చుకున్నాను. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుతో చచ్చాను. ఆ సిగ్గు ఇన్నేళ్ళు ఉత్తపుణ్యానికి మోశానని నవంబరు పేజీ ముందు కూర్చున్నాక తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళను పట్టుకున్నాను. అవ్వ నాలుగు దాకా చదివింది. పక్కింటి చిన్నమ్మ ఐదు దాకా.

“అవ్వా, నీకు కూడుడు అస్తదా?”

“ఎందుకు రాదే? గుణించుడు గూడ అస్తది. పదిహేను ఎక్కం గడగడ చెప్తా, ఇను.”

“మరి భాగించుడు?”

అందరూ ఒక్కసారే నవ్వారు. చిన్నమ్మకైతే నవ్వి నవ్వి పొలమారింది. “మనకు భాగారాలు ఎన్నడచ్చినయే పొల్లా?” అంది అవ్వ. “గవి మన రక్తంలనే లెవ్వు.”

“రక్తం గిక్తం ఏం లేదవ్వా. గవి చెప్పేటప్పుడు నువ్వు చేన్ల ఉంటివి, నేను చేన్ల ఉంటి.”

అవ్వ నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. “గంతేనా?” అంది.

కాపీ కొట్టిన కాగితాలన్నీ పక్కన పడేసి కొత్తగా మొదలుపెట్టాను. జూన్, జూలైలో గుణకారం గట్టిచేయాలి. ఆగస్టు, సెప్టెంబరులో భాగహారం. అప్పుడు చేలల్లో కలుపు పని ఉంటుంది గానీ, కలుపుకు పిల్లల్ని పిలవరు, పత్తి మొక్కను కూడా పీకేస్తారని. పత్తి ఏరే వారాల్లో ఆకారాలు, కొలతలు, పాత పాఠాలు పెట్టాను. కొన్నాళ్ళు తప్పినా మళ్ళీ అందుకోగలిగేవి. నవంబరు పేజీ తలమీద పెద్దక్షరాలతో రాశాను: ‘ఈ నాలుగు వారాలు తరగతిలో సగం మంది పత్తి చేలో ఉంటారు.’ సముద్రాన్ని కొట్టేశాను.

జూన్‌లోనే తీసుకుపోయి ఇచ్చాను. గైడు సారు నాందేడ్‌లో తన గదిలో కూర్చుని పేజీలు తిప్పారు. నవంబరు దగ్గర ఆగారు. “క్రమ్ బదలాయ్‌చా నాహీ” అన్నారు, వరుస మార్చకూడదని. మిగతా మాటలు కూడా మరాఠీలోనే నడిచాయి.

“పుస్తకం రాసిన పెద్దల కంటే నీకెక్కువ తెలుసా?”

“మా ఊరు నాకెక్కువ తెలుసు సర్.”

“పిల్లలు చేలో ఉంటారని కాగితం మీద రాస్తావా? చదువుకునే పిల్లల్ని పనికి పంపడం నేరం. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ముందు నా మెడకు చుట్టుకుంటుంది.”

“రాయకపోతే బడిలో ఉన్నట్టా సర్?”

ఆయన ఎర్రపెన్ను తీసి నవంబరు పేజీకి అడ్డంగా రెండు గీతలు లాగారు. పాత ఫైలు చూసి రాసుకొస్తే సంతకం పెడతానన్నారు.

పిల్లల్ని పంపడం తప్పేనని నాకు తెలియదా? నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. రెండిళ్ళ వాళ్ళు సరేనన్నారు. మిగతా వాళ్ళు “నువ్వు పోలేదా బిడ్డా?” అని అడిగారు.

ఆగస్టులో, వాన కొట్టి కొట్టి వరండా తడిసి ఉన్న రోజుల్లో, భాగహారం మొదలుపెట్టాను. వాడ పిల్లల్ని ముందు వరుసకు తెచ్చాను. చింతగింజలు పంచి వాటా వేయించాను. సెప్టెంబరు చివర సారు నా పాఠం చూడటానికి వచ్చారు. వెనక కూర్చుని అంతా విన్నారు. తర్వాత లేచి, మా ఇంటికి రెండిళ్ళ అవతలి పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, నాలుగు వందల పన్నెండును నాలుగుతో భాగించమన్నారు. తప్పు చేయించే లెక్క అది. మధ్యలో సున్నా మరిచిపోయి పదమూడు అంటారు పిల్లలు.

పిల్ల ఒకటి వేసింది. తర్వాత సుద్దముక్క పట్టుకుని ఆగింది. పెదవులు కదిపింది. “ఒకట్ల నాలుగు పోదు” అని తెలుగులో తనకు తానే చెప్పుకుని, సున్నా చుట్టి, మూడు వేసింది. నూట మూడు. నాకు గంతులు వేయాలనిపించింది.

బయట వరండాలో సారు టీ తాగుతూ, “పాఠం బాగుంది, నియోజన్ తప్పు” అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనే గొంతు తగ్గించి అన్నారు, “ఎందుకమ్మా ఇంత మొండిపట్టు? నవంబరు పేజీ ఒక్కటి పాతది పెట్టు. తరగతిలో నువ్వేం చెప్పుకుంటే ఎవరు చూడొచ్చారు?”

చెడ్డ మనిషి కాదు. నాకు దారి చూపిస్తున్నాననే అనుకున్నారు. ఒక్క పేజీ. అరగంట పని. అవ్వ మొహం కళ్ళ ముందు కదిలింది.

“నా ఫైలు వచ్చే ఏడు ఇంకో పిల్ల చేతికి పోతుంది సర్” అన్నాను. “అందులో ఏముంటే ఆమె అదే కాపీ కొడుతుంది. ఆ పేజీ నేను రాయను.”

ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. దీపావళి ముందు అందరి ఫైళ్ళూ సంతకాలతో తిరిగి వచ్చాయి. నాది ఎర్రగీతలతో వచ్చింది.

అవ్వ ఊరంతా వినబడేలా తిట్టింది. “నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటవ్! కాగితం మీద సారు దస్కతు పడేదాక గంగిరెద్దు లెక్క తలూపితే నీ సొమ్మేం పోతుండె? మా బిడ్డ బాయి అయితదని ఊరందరికి చెప్పుకుంటి గదనే!” ఇంటి వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. చదువులో నాకంటే వెనకబడినా సంతకం పడినవాళ్ళ పేర్లు తలుచుకుని మరీ ఏడ్చాను. అయినా ఆ పేజీ రాయనందుకు మాత్రం ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

బడిలోకి రానివ్వలేదు కాబట్టి దీపావళి దాటగానే అవ్వతో చేలోకి దిగాను. నడుముకు గుడ్డ కట్టుకుని పత్తి ఏరుతుంటే, చాన్నాళ్ళకు వేళ్ళకు మళ్ళీ పత్తికాయ ముళ్ళు గీసుకున్నాయి. అవ్వ నాతో మాట్లాడటం లేదు. పక్క సాలులో ఆ నూట మూడు పిల్ల. దాని వెనక మా తరగతి పిల్లలు ఇంకో ఐదారుగురు. దూరంగా బడి గంట వినపడింది.

పిల్ల తల ఎత్తింది. “బాయీ, ఇయ్యాల బడిల భాగాకారం షురూ అయితదట గదా?”

“అయితదే” అన్నాను.

“మనదైతే ఎప్పుడో అయిపాయె” అని, చేతిలోని పత్తిని ఒడిలో వేసుకుని ముందుకు జరిగింది.

అవ్వ వంగినది వంగినట్టే ఆగిపోయింది. కాసేపటికి, నా వైపు తిరగకుండానే అడిగింది, “ఏమే, మల్ల జూన్ల గదే కాగితమిస్తవా?”

“గదే ఇస్తనవ్వా.”

“ఇయ్యి” అంది.