రాని గిటార్‌కి ఇడ్లీ ఆవిరి

ఇది ఒక మహాగాథ. ఇందులో పొగమంచు అడవులున్నాయి, వందేళ్ల వృక్షాలున్నాయి, అగ్ని ఉంది, జలం ఉంది, ఒక మనిషి చేసిన ఒంటరి పోరాటం ఉంది... అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి కెనడాలోని మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో ఉంటూ నేనొక గిటార్ ఆర్డర్ చేసి, అది వచ్చేదాకా ఇంట్లో ఇడ్లీలు వండించాను. జరిగింది అంతే. అగ్ని అంటే స్టవ్వు. జలం అంటే కిటికీ అద్దం మీద కారింది. ఒంటరి పోరాటం చేసింది కూడా నేను కాదు, ఆ ఇడ్లీలు తిన్నవాడు.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, నాలుగు చలికాలాల కిందటి మాట, అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు బంధువులా అనిపిస్తాడు) నాకు చెక్క పిచ్చి పట్టింది. మిస్సిసాగాలో ఉద్యోగం, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా పని. నేను దేవుడిలా చూసే ఒక గిటార్ విద్వాంసుడు తన సంతకంతో కొత్త అకౌస్టిక్ మోడల్ తెస్తున్నాడని ఒకరోజు ప్రకటన వచ్చింది. ఆ వీడియో నిడివి నిమిషంన్నర. అందులో గిటార్ కనిపించేది పది సెకన్లు. మిగతాదంతా మంచు, చెట్లు, ఆయన గడ్డం. అది చాలు నాకు. లిమిటెడ్ ఎడిషన్ కాబట్టి కింద ఉన్న వివరాలేవీ చదవకుండా ఆర్డర్ పెట్టేశాను. ఆరు వారాల్లో వస్తుందన్నారు. ఆ ఆరు వారాల్లో నేను గిటార్ వాయించడం సరిగ్గా నేర్చుకోవచ్చు (అప్పటికి నాకు వచ్చినవి నాలుగు కార్డ్స్, అంటే స్వరాల గుత్తులు, అందులో ఒకటి అనుమానం). దానికి బదులు చెక్కల గురించి నేర్చుకున్నాను. పైచెక్క స్ప్రూస్ అయితే స్వరం గలగలా దూరం పోతుంది. సీడార్ అయితే మెత్తగా, పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. వెనక చెక్క మహాగని అయితే నాదం పొడిగా, ముక్కుసూటిగా ఉంటుంది. రోజ్‌వుడ్, అంటే మన జిట్టేగి అయితే కింది స్వరాలు బావిలోంచి లేచినట్టు వస్తాయి. ఇవన్నీ నేను విన్నవి కావు, చదివినవి. అయినా కనపడిన తలుపునల్లా వేలితో తట్టి, చెవి పెట్టి, తల పంకించేవాణ్ణి. చపాతీ పీటలో మహాగని లక్షణాలున్నాయని ప్రకటించింది కూడా ఆ రోజుల్లోనే.

నాతోపాటు ఉండేవాడు కడప అన్న. వయసులో నాకంటే ఆరేళ్లు పెద్ద, వంటలో అరవయ్యేళ్లు పెద్ద. నా ఉపన్యాసం అంతా ఓపిగ్గా విని ఒకరోజు అన్నాడు: "రేయ్, మా పక్క కొండల్లో ఎర్రచందనం అడవులే ఉండాయి. నేను చిన్నప్పుడు ఆ చెట్ల కిందే మేకలు మేపినా. ఒక్క చెట్టన్నా యా పొద్దూ పాడింది లేదబ్బా."

"చెట్టు పాడదన్నా, చెక్క పాడుతుంది."

"ఆ మాట మా ఊర్లో గట్టిగా అనొద్దు. చెక్క గురించి ఇంత తెలిసినోణ్ణి పోలీసోళ్లు తీసకపోతారు."

అసలు కష్టం ఆరో వారంలో మొదలైంది. ఎక్కడో చదివాను: గదిలో తేమ నలభై శాతానికి తగ్గితే గిటార్ పైచెక్క ఎండి పగులుతుందట. వెంటనే తేమ కొలిచే మీటరొకటి తెచ్చి పెట్టాను. పంతొమ్మిది చూపించింది. జనవరి నెల, హీటర్ రాత్రింబవళ్లు తిరుగుతోంది, మా పెదవులే పగిలిపోతున్నాయి, ఇక స్ప్రూస్ ఎంత! గదిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ కొందామంటే ఏ షాపులోనూ స్టాక్ లేదు. లోకంలో ఇంకోటి దొరకని గిటార్ నా చేతుల్లో పగిలిపోతుందని నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున అన్న ఇడ్లీ పాత్ర దించి మూత తీశాడు. ఆవిరి గుప్పున లేచింది. అరగంట తరవాత చూస్తే మీటరు నలభై నాలుగు!

ఆ తరవాత మూడు వారాలు మా ఇంట్లో రోజూ రెండు పూటలా ఇడ్లీ. అన్న రాత్రి ఓవెన్‌లో వెచ్చదనానికి లైటు వేసి పిండి పులియబెట్టేవాడు, పొద్దున్నే నేను మీటరు చూసి "ముప్ఫై ఒకటి అన్నా, ఇంకో వాయి" అనేవాణ్ణి. ఇందులో మీరు గమనించాల్సిన చిన్న విషయం: గిటార్ ఇంకా రాలేదు. ఆలస్యమవుతుందని కంపెనీ ఈమెయిల్ పంపింది. నేను ఆవిరి పట్టిస్తున్నది ఖాళీ స్టాండుకి. (గది ముందుగా అలవాటుపడాలని నా వాదన.)

ఒక సాయంత్రం పైనుంచి ఇంటి ఓనర్ అంకుల్ దిగొచ్చారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన సివిల్ ఇంజనీరు.

"ఏమోయ్, కిటికీలకి చెమటలు పడుతున్నాయేంటి? ఇది ఇల్లనుకున్నావా, ఆవిరి స్నానాల గదనుకున్నావా? మోల్డ్, అదే బూజు, పట్టిందంటే గోడలు మొత్తం పీకాలి, తెలుసా?"

"గిటార్ కోసం అంకుల్. తేమ తగ్గితే పగులుతుంది."

ఆయన గదంతా కలియజూశారు. "ఏదీ గిటారు?"

"రావాలి అంకుల్."

అంకుల్ నా వంక, తరవాత అన్న వంక చూశారు. అన్న తల దించుకుని ఇడ్లీ నములుతున్నాడు. "అట్లా చూడొద్దు అంకుల్, నాకేం సంబంధం లేదు. నేను తినేటోణ్ణి మాత్రమే."

చివరికి రాజీ కుదిరింది. పూటకొక్క వాయికి అనుమతి. సాయంత్రం గంటసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. అంకుల్ గళ్లు గీసి, టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించారు. రోజూ ఎనిమిదింటికి స్వయంగా దిగొచ్చి మీటరు చూసి గడి నింపేవారు. వచ్చినవారు ఊరికే ఎలా వెళ్తారు, నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి. వారం తిరిగేసరికి ఆయనే "ముప్ఫై ఆరే ఉందోయ్, ఇంకో వాయి వేస్తే?" అనడం మొదలుపెట్టారు.

తొమ్మిదో వారం శనివారం పెట్టె వచ్చింది. బయట మైనస్ పద్దెనిమిది. అంకుల్, ఆంటీ కూడా కిందికొచ్చారు. ఆంటీ కుంకుమ భరిణె తెచ్చారు. అన్న కత్తి తీశాడు. నేను అడ్డం పడ్డాను. "ఇరవై నాలుగ్గంటలు తెరవకూడదు! చలిలోంచి వచ్చింది, చెక్క మెల్లగా వేడెక్కాలి, లేకపోతే పటుక్కుమంటుంది!"

"మరి బొట్టెక్కడ పెట్టనురా?" అన్నారు ఆంటీ. చేసేదేముంది, అట్టపెట్టెకే పెట్టారు. నలుగురం దాని చుట్టూ కూర్చుని టీ తాగాం. "ఐసీయూ బయట కూర్చున్నట్టుందప్పా," అన్నాడు అన్న.

మర్నాడు మీటరు నలభై అయిదు దగ్గర నిలిచాక తెరిచాం. బంగారు రంగు పైచెక్క, సన్నటి నిలువు గీతలు. ముదురు గోధుమ రంగు వెనక చెక్క. అనుమానం లేని మూడు కార్డ్స్‌లో ఒకటి మీటాను. కళ్లు మూసుకున్నాను.

"విన్నావా అన్నా? కింది స్వరం విన్నావా? బావి లోతు! స్ప్రూస్ గలగల వేరే, దాని కింద జిట్టేగి గుండె చప్పుడు వేరే. ప్లాస్టిక్ యుగంలో ఇంకా..."

"ఏమోయ్," అన్నారు అంకుల్. కళ్లజోడు పెట్టుకుని పెట్టెలోని పుస్తకం చదువుతున్నారు (ఆయన టోస్టర్ కొన్నా మొదటి పేజీ నుంచి చదివే మనిషి). "ఇందులో చెక్క లేదోయ్."

"అంటే?"

"బాడీ మొత్తం కాగితం పొరలు. జిగురు పట్టించి, ఒత్తిడి పెట్టి నొక్కినవి. పైన కనిపించే గీతలు ప్రింటు. వాతావరణం ఎలా మారినా పగలదు, అందుకే ఇట్లా చేశాం అని వాళ్లే రాశారు."

అన్న మెల్లగా అడిగాడు. "అంటే, నేను మూడు వారాలు రెండు పూటలా ఇడ్లీ తినింది కాగితానికా?"

నేను ఇంకోసారి మీటాను. సిగ్గు లేని స్వరం, అంతే లోతుగా పలికింది.

ఆ గిటార్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పుడు పది కార్డ్స్ వచ్చు, అనుమానాలు తగ్గాయి. కానీ కాగితంలో అడవి వినగలిగిన ఆ కుర్రాడి చెవులు మాత్రం ఎక్కడో పారేసుకున్నాను. ఇప్పుడు మీటితే గిటార్ మోగినట్టే వినిపిస్తుంది. అప్పుడప్పుడు వాడు గుర్తొస్తే, ఎవరూ చూడకుండా వేలితో ఒకసారి తట్టి చెవి పెడతాను. వేలిముద్రలు పడతాయి. చెక్క కాదుగా, తడిబట్టతో తుడిస్తే పోతాయి.