మూత గట్టిగా పట్టుకున్నాను

మొన్న ఆదివారం మా అరుగు కింద ఏం చూసినారో ముందు మీరే చెప్పండి! కుచ్చెళ్లలోంచి నూనె కారుతా, రెండు కాళ్లూ చాపుకొని నూనెలోనే కూర్చున్న నన్ను చూసినారు. నవ్వినారు. నవ్వండి! కానీ మీరు చూసింది ఆఖరు ముక్కే. మొదలు నేను చెప్తా.

ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో ఏడిండ్లోళ్లం మా శెనక్కాయలన్నీ కలిపి, ఆదోనిలో ఆడించి, ఏడాది నూనె ఒకటే డ్రమ్ములో తెచ్చుకుంటాం. పోయినేడు డ్రమ్ము వంచి పోస్తుంటే చెంబుడు నూనె నేలపాలయింది. ఆ చెంబు ఎవరి వాటాలోదని ఏడిండ్లూ ఉగాది దాకా మాట్లాడుకోలేదు! ఈసారి కూడా గొడవైతే, ఇంక ఎవరి డ్రమ్ము వాళ్లదే అని తేల్చేసినారు. నేను లేచినాను. "డ్రమ్ము వంచకుండా తోడే పంపు నేను తెస్తా. నేనే కొలుస్తా. ఒక్క బొట్టు కింద పడితే నన్నడగండి."

ఎమ్మిగనూరులో మస్తాన్ అంగడికి పోయినాను. మూడు రకాలు ముందర పెట్టినాడు. మోటారుది వద్దన్నాను, కరెంటు దయ మీద నేను నూనె పోసుకోను. పిడి తిప్పే ఇనుప పంపు చేతికి బాగా నచ్చింది.

"అది డీజిలుకు పెద్దమ్మా. తినే నూనెకు ఈ ప్లాస్టిక్‌ది తీస్కో. పైన ఎర్ర బుడ్డ ఉందే, రెండుసార్లు పిసుకు. డ్రమ్ము ఎత్తులో, క్యాను కింద ఉంటే తర్వాత అదే వస్తాది. ఆపాలంటే..."

"అదే వస్తాదా? మిల్లులో పత్తి బోరాలు మోసినదాన్ని. నా చెయ్యి ఆగినాక ఏ పనీ దానంతటది జరగలే. నాకు సెప్తాండావా?"

"అది కాదు పెద్దమ్మా, ఆ మూత..."

"కట్టియ్యప్పా!"

ఆదివారం అందరూ చేరినారు. డ్రమ్ము అరుగు మీద, కొలత క్యాను కింద. కొలతకు ఒకటే క్యాను. అది నింపి ఒకరి గిన్నెలో పోసి, మళ్లీ ఇంకొకరికి నింపాలి. పిసికినాను. వచ్చింది! హుషారుగా ఇంకా పిసికినాను. క్యాను నిండింది. చెయ్యి తీసేసినాను.

నూనె ఆగలేదు.

"చాలు, చాలు" అన్నాను పంపుతో. వినలేదు. పక్కింటి సుంకమ్మ బిందె పెట్టింది. నిండింది! బకెట్టు వచ్చింది, పప్పు గిన్నె వచ్చింది, ఆఖరికి టీ గ్లాసులు కూడా వచ్చినాయి. ఎవరి నూనె ఎవరి గిన్నెలో ఉందో దేవుడికే తెలియాలి!

"మార్తక్కా, బుడ్డ మీద మూతేదో ఉంది, వదులు సెయ్యి!" అని సుంకమ్మ అరిచింది.

"తీస్తే ఆడనుంచి కూడా తన్నుకొస్తాది! నీకేం తెల్సు?" అని ఆ మూతనే బిగించి పట్టుకున్నాను. ఇంకో చేత్తో పైపుకు బొటనవేలు అడ్డం పెట్టినాను. మొహాన చిమ్మింది! వెనక్కి జరిగినాను, కాలు జారింది. పడేటప్పుడు మూత ఊడి నా చేతిలోకి వచ్చింది.

గాలి లోపలికి పోయి గర్రుమని ఒక చప్పుడు. నూనె ఆగిపోయింది.

పోయినేటి చెంబు కంటే ఎక్కువే పోయింది. కూర్చున్న చోటినుంచే చెప్పినాను: "కింద పడింది నా వాటాలోది. మిగిలింది డ్రమ్ములో పోయండి, మళ్లీ కొలుస్తా."

"మళ్లీ నువ్వేనా!"

"నేనే! ఈ మూత సంగతి ఈడ నాకంటే తెలిసినోళ్లు ఎవరున్నారు?"

"కొలువు తల్లీ. నీ వాటా తక్కువైతే చీర పిండుకో, తాలింపుకొస్తాది" అనింది సుంకమ్మ. ఏడిండ్లూ పగలబడి నవ్వినాయి. అంత నవ్వినాక ఎవరు కొట్లాడుకుంటారు? వచ్చే ఏడు కూడా ఒకటే డ్రమ్ము.

తప్పు నాదేనంటారు. అననీ! మూడుసార్లు ఉతికినా ఆ చీర కట్టుకుంటే బజ్జీల బండి పోతాండాదేమో అని జనం తిరిగి చూస్తాండారు. చూడనీ! నలభై ఏండ్లు నా చెయ్యి ఆగితే కూలి ఆగింది, పొయ్యి ఆగింది. చెయ్యి తీసినాక కూడా దానంతటది సాగే పనిని, మా మాదిరి బతికిన ఇంట్లో, మీరు యాడన్నా చూసినారా?