దుమ్ము మీదికి తోసిన గొంతు

నిన్న పొద్దున గోదావరిఖని షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న మనిషి డ్రైవర్‌కు దిగే చోటు చెప్పబోయాడు. మాట రాలేదు. వాల్వు వదులైన సైకిల్ ట్యూబులోంచి వచ్చినట్టు ఉత్త గాలి వచ్చింది. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "బొగ్గు దుమ్ము మింగిన గొంతు, గిట్లనే ఉంటది తాతా." ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లింగయ్య కాక నోటిని పద్నాలుగు నెలలు మూసింది ఆ మాటే.

కాక మా గనిలో సర్దార్. షిఫ్టు మొదట్లో కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, కింద మనుషులు పని చేయవచ్చో లేదో తేల్చేవాడు. బాగుంటే సుద్దముక్కతో అక్కడ తేదీ, సంతకం వేసేవాడు. నేను బొగ్గు నింపే ఇనుప టబ్బులు తోసేవాణ్ణి, బడి గడప తొక్కనివాణ్ణి. ఒకరోజు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయబోతే మణికట్టు పట్టుకున్నాడు.

"ఏందిరా గది?"

"ఏమో కాక, అందరు పెడుతున్నరు."

"నిన్ను బొంద పెట్టే కాయితమైనా పెడ్తవా? చదువకుండ వేలు పెట్టినవంటే ఇరగ్గొడ్త."

ఆ వారమే, అదే సుద్దముక్కతో, టబ్బు పక్కన నాకు అక్షరాలు దిద్దించాడు. ఆ ఇనుప టబ్బే నా పలక. ఆయన గొంతుకూ నేను బాకీయే. ఒకసారి పైకప్పులో పుటుక్కుమన్న చిన్న చప్పుడుకు "బయటికి!" అని ఆయన వేసిన కేక మా ఆరుగురిని బతికించింది.

రిటైరైన చాలా ఏళ్లకు కాక మెడలో గడ్డ లేస్తే హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీశారు. వెంట ఉన్నది నేనే, ప్లాస్టిక్ కవర్‌లో కాగితాలు మోసిందీ నేనే. ఆపరేషన్ తర్వాత ఆయనకు గొంతు రాలేదు. చాయ్ తాగితే పొలమారేది. నలుగురిలో తాగడం మానేశాడు. భార్య లక్ష్మవ్వను పిలవాలంటే చెంబును చెంచాతో కొట్టేవాడు. ఇక్కడ గోదావరిఖనిలో మేం చూపించిన ఒక డాక్టరు నోరు తెరవమని కూడా అనలేదు.

"గనిల ఎన్నేండ్లు చేసిండు?"

"ముప్పై నాలుగు."

"ఇంకేంది మరి? దుమ్ము."

దగ్గు మందు రాసిచ్చాడు. మళ్లీ వెళితే, "ఈ వయసుల మాట్లాడి ఏం చేస్తడు?" అన్నాడు. ఏం చేస్తాడా! భార్యను పేరు పెట్టి పిలుస్తాడు. నాలాంటివాణ్ణి తిడతాడు. గని మనిషికి ఏమొచ్చినా దుమ్ము మీదికి తోసేస్తే వాళ్లకెంత సుఖం! కాలు విరిగినా దుమ్మే అంటారు కాబోలు. సిగ్గుచేటేమిటంటే, మేమూ నమ్మాం. ముప్పై నాలుగేళ్లు దుమ్ము తిన్న కాక కూడా నమ్మాడు.

చివరికి లక్ష్మవ్వ పోరు పడలేక కరీంనగర్‌లో గొంతు డాక్టరమ్మకు చూపించాం. ఆమె ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూసింది. "గొంతుల మాట పలికే రెండు తలుపులలో ఒకటి మెడ ఆపరేషన్ తర్వాత కదులుతలేదు. అందుకే గాలి పోతున్నది, నీళ్లు పక్కకు జారుతున్నయి. సూదితోని మందు నింపి దాన్ని మధ్యకు జరుపుత. కొన్ని నెలలే ఉంటది, మళ్లీ చూడాలె."

"దుమ్ము కాదా అమ్మా?"

ఆమె నా చేతిలోని ప్లాస్టిక్ కవర్ అందుకుని, ఆపరేషన్ కాగితం అడుగున వేలు పెట్టి చూపింది. గొంతు మారితే తప్పక మళ్లీ వచ్చి స్వరతంతువుల పరీక్ష చేయించుకోవాలని, తెలుగులోనే, అచ్చులో ఉంది. పద్నాలుగు నెలలు ఆ కవర్ నా చంకలోనే ఉంది.

సూది వేశాక రెండు రోజులు మాట్లాడొద్దన్నారు. మూడో రోజు కాక నోరు తెరిచి "లచ్చిమీ" అన్నాడు. బొంగురే, కానీ మాట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నావైపు తిరిగాడు.

"కాయితం నీ దగ్గర్నే ఉండె గదరా?"

"డాక్టరు దుమ్మన్నడు కాక."

"ఆయన అన్నడని చదువకుండ వేలు పెట్టినవా?"

గొంతు తగ్గినప్పుడల్లా మళ్లీ సూది వేయించాం. కాక ఇంకో రెండేళ్లు లక్ష్మవ్వను పిలిచి, నన్ను తిట్టి, నలుగురిలో చాయ్ తాగి, ఆ తర్వాతే కన్నుమూశాడు. ఆ డాక్టరు మీది కోపం నాకు చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. అందులో సగం నా మీదిదే.

నిన్న ఆటోలో ఆ మనిషి ఒళ్లోనూ ప్లాస్టిక్ కవర్ ఉంది, మెడ మీద అడ్డంగా కుట్టు గీత ఉంది. జేబులోంచి కళ్లద్దాలు తీసుకున్నాను.

"దుమ్ము కాదు గిమ్ము కాదు. ఆ కవర్ ఇటియ్యి తమ్మీ."

నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. డ్రైవర్ రెండుసార్లు పిలిచాడు. చివరి పంక్తి దాకా పైకి చదివాకే దిగాను.