కోయిల కంపెనీ చరిత్ర, మొదట్నుంచి

"మా పాపకు వినపడటం లేదేమోనని భయంగా ఉంది."

సురేందర్ ఆ మాట అన్నది డాక్టరుతో కాదు. పేరు చెప్పకముందే, చెప్పులైనా విడవకముందే, సూర్యాపేటలో ఒక పాత షాపు గుమ్మంలో నిలబడి కీబోర్డులు బాగుచేసే ఆయనతో అన్నాడు. చంకలో దుప్పటి చుట్టిన కీబోర్డు ఉంది. లోపల స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అతన్ని చూశాడు, మూటను చూశాడు, మళ్లీ అతన్ని చూశాడు.

"కూసో సారూ," అన్నాడు. "ఎనభై ఆరుల, నేను రేడియోలు బాగుజేసేటప్పుడు..."

అబ్రహాం అంటే అంతే. ఆయన దగ్గరికి ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు కోయిల కంపెనీ చరిత్ర వినాలి. మధ్యలో ఎవరైనా అడ్డుపడితే ఆగిన చోటు నుంచి అందుకోడు. మళ్లీ మొదట్నుంచి చెబుతాడు.

కోయిల అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డుల కంపెనీ. ఎనభై ఆరులో అబ్రహాం తన రేడియో షాపు వెనక గదిలో పెట్టాడు. పదహారేళ్లలో నలభై మూడు కీబోర్డులు తయారుచేశాడు. మెట్లు టేకు చెక్కతో, పెట్టె రేకుతో, లోపలి వైరింగు సొంత చేత్తో. ఆ తర్వాత బయటి నుంచి చవక కీబోర్డులు దిగాయి, కోయిల ఆగిపోయింది. కంపెనీ మూతపడిందంటే మాత్రం ఆయన ఒప్పుకోడు. "నలభై నాలుగోదానికి ఆర్డర్ రాలే. గంతే," అంటాడు. గోడ మీద బోర్డులో ఇప్పటికీ ఆయన మేనేజింగ్ డైరెక్టరు. రెండో డైరెక్టరు ఆయన భార్య పెంటమ్మ. బోర్డు మీటింగు రోజూ పొద్దున జరుగుతుంది, కూర ఏం వండాలో తేలగానే ముగుస్తుంది.

ఆ వీధిలో ఎవరు ఏ సంవత్సరం దాకా విన్నారన్నది ఒక హోదా. గ్యాస్ సిలిండర్ తెచ్చే ధర్మేందర్ ఎనభై తొమ్మిది దాటాడు. కరెంటు మీటరు చూసే ఆయన ఒకసారి తొంభై ఐదు దాకా చేరుకున్నాడు కానీ, జేబులో ఫోన్ మోగడంతో వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు జారి మళ్లీ ఎనభై ఆరులో పడ్డాడు. అప్పటి నుంచి ఆయన రీడింగు బయటి నుంచే చూసుకుని పోతాడు.

సురేందర్ కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కూతురు జానుకు ఏడాదిన్నర. ఇంకా ఒక్క మాట రాలేదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి చూడదు. మూడు వారాల నుంచి అతను ఇంట్లో పరీక్షలు పెడుతున్నాడు. స్టీలు పళ్లేలు మోగిస్తాడు, కుక్కరు విజిల్ కోసం కాచుకుంటాడు, ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ పెట్టి నోటుబుక్కులో తేదీలతో సహా రాస్తాడు. పాప తిరిగితే చప్పుడుకు తిరిగిందో, పళ్లెం పట్టుకుని ఎదురుగా గెంతుతున్న తండ్రిని చూసి తిరిగిందో ఆ నోటుబుక్కులో తేలడం లేదు.

"ముందు డాక్టరుకు చూపిద్దామండీ," అని భార్య గీత వారంగా అంటోంది. ఆమెది కోదాడే.

"చేతుల లెక్కలు లేకుంట పోయి ఏం చెప్తం?" అని అతను దాటేస్తున్నాడు. నిజానికి లెక్కల కొరత కాదు. తాను భయపడుతున్న మాట డాక్టరు నోటి నుంచి వస్తే ఏం చేయాలో అతనికి తెలియడం లేదు. ఈలోగా మామగారింటి అటక మీద ఒక పాత కోయిల కీబోర్డు దొరికింది. అది బాగైతే ఒకే రకం చప్పుడుతో సరైన పరీక్ష పెట్టవచ్చని పట్టుకొచ్చాడు.

అబ్రహాం దుప్పటి విప్పి, కీబోర్డు అడుగున వేలితో తడిమాడు. "పదిహేడో నంబరు. కోదాడ చర్చికి ఇచ్చిన. ఎన్నేండ్లకు ఇల్లు చేరినవే," అని దాన్ని పలకరించి, సురేందర్‌కు చరిత్ర తొంభై ఒకటి దాకా చెప్పాడు. ఆ తర్వాత, "ఆదివారం రా సారూ. ఇంటామెను, పాపను తోలుకరా. సగం చరిత్ర ఇన్నోళ్లకు నేను సామాను వాపస్ ఇయ్య," అన్నాడు.

ఆదివారం ముగ్గురూ బస్సు దిగి వచ్చారు. షాపు వెనక గదికి అడ్డంగా నల్లటి తెర వేలాడుతోంది. దాని వెనక ఉన్నదాన్ని అబ్రహాం ఫ్యాక్టరీ అంటాడు. తెరకు ఇవతల పెంటమ్మ చాట ముందు పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. పక్కన మూడు గిన్నెలున్నాయి. జానును తనకెదురుగా, తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టుకుని చేతికి ఒక కాయ ఇచ్చింది. మూలన కుర్చీలో వాళ్ల కొడుకు జీవన్ ఉన్నాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని, ఆదివారాలు వచ్చిపోతాడు.

"ఎనభై ఆరుల," అన్నాడు అబ్రహాం, "నేను రేడియోలు బాగుజేసేటప్పుడు మా పాస్టర్ గారు అడిగిండు, అబ్రహాం, రేడియోతోని పాట వస్తది గద, రేడియో లేకుంట పాట వస్తదా అని. ఆర్నెల్లు కూసోని కోయిల-ఒకటి తయారుజేసిన. దాని గొంతు ఎట్లుంటదో తెల్సా? ఉండు."

ఆయన తెర వెనక్కు వెళ్లాడు. మరుక్షణం దున్నపోతు రంకె లాంటి శబ్దం వచ్చి పైకప్పు రేకులు అదిరాయి. జాను గిరుక్కున వెనక్కు తిరిగింది. పెంటమ్మ ఒక గింజ మొదటి గిన్నెలో వేసింది.

"చర్చిల వాయిస్తే బస్టాండ్ల జనం బస్సొచ్చిందని లేసి ఉరికిండ్రు," అంటూ అబ్రహాం బయటికి వచ్చాడు. "ఇంకోటేందంటే, ఎండ పెరిగితే దాని శ్రుతి పెరుగుతది. క్రిస్మస్‌కు నేర్సుకున్న పాట ఈస్టర్‌కు పాడబోతే గొంతులు అందకపాయె. అందుకని సప్పుడు తగ్గించి కోయిల-రెండు జేసిన."

తెర వెనక నుంచి వచ్చిన కోయిల-రెండు గొంతు మనుషుల గొంతులాగే ఉంది. దానితో వచ్చిన చిక్కు వేరు, అది మధ్యమధ్యలో రేడియో పట్టేది. ఆత్మకూరులో ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు, వరికి అగ్గితెగులు వస్తే ఏ మందు కొట్టాలో చెప్పడం మొదలుపెట్టింది.

"మరి పెళ్లివాళ్లు కొట్టలేదాండీ మిమ్మల్ని?" అంది గీత.

"కొట్టుడెందుకమ్మా? పిల్ల తండ్రి నా చెయ్యి పట్టుకున్నడు. ఎకరానికి ఎంత కొట్టాల్నో చెప్పేలోపల ఆగిపాయె, జర మళ్ల పట్టించు అని."

మూడోది మరీ మెత్తన. తెర వెనక వాయిస్తుంటే సురేందర్ మెడ ముందుకు చాచి వినాల్సి వచ్చింది. "ఇసొంటిదే నిడమనూరు చర్చికిచ్చిన," అన్నాడు అబ్రహాం. "ఫ్యాన్లు బంద్ జేస్తెనే వినొచ్చేది. మీ కీబోర్డు వచ్చినంక జనానికి భక్తి పెరిగింది, గుండుసూది పడ్డా ఇనొస్తున్నదని అక్కడి పాస్టర్ గారు ఉత్తరం రాసిండు. ఆ ఉత్తరం ఫ్రేమ్ కట్టించిన."

"అంకుల్, మా కీబోర్డు..." అన్నాడు సురేందర్.

అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎనభై ఆరుల," అన్నాడు.

మళ్లీ దున్నపోతు, మళ్లీ అగ్గితెగులు, మళ్లీ నిడమనూరు. మూడోసారి నిడమనూరు దాటగానే పాప నీళ్ల గ్లాసు ఒలకబోసింది, ఎనభై ఆరు. నాలుగోసారి అక్కడికి రాగానే సురేందర్ గడియారం వైపు చూశాడు, అదీ అడ్డుపడటం కిందికే వచ్చింది. అయిదోసారి అంతా బిగబట్టుకుని కూర్చున్నారు. ఫ్రేమ్ కట్టించిన ఉత్తరం దాకా క్షేమంగా వచ్చారు. అప్పుడు పెంటమ్మ తలెత్తి, "చాయ్ తాగుతరా బిడ్డా?" అంది.

"ఎనభై ఆరుల," అన్నాడు అబ్రహాం.

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఈపాటి తెలియదా అని సురేందర్ లోపల విసుక్కున్నాడు. జీవన్ మాత్రం మూలన కూర్చుని మొదటిసారి ఎలా నవ్వాడో ఆరోసారీ అలాగే నవ్వుతున్నాడు. పుట్టినప్పటి నుంచీ వింటున్నవాడికి ఇంత ఓపిక ఎలా వచ్చిందా అని సురేందర్‌కు అసూయ కలిగింది.

ఆరోసారి చరిత్ర చివరిదాకా సాగింది. నలభై మూడో కీబోర్డు నేరేడుచర్ల వెళ్లింది. నలభై నాలుగోదానికి ఆర్డర్ రాలేదు.

"ఇగ మా కీబోర్డు ఇస్తే పోతం అంకుల్," సురేందర్ లేచాడు. "పాపకు పరీక్ష పెట్టాలె."

"పరీక్ష అయిపాయె గద సారూ," అన్నాడు అబ్రహాం.

పెంటమ్మ మూడు గిన్నెలూ అతని ముందుకు జరిపింది. మొదటి దాంట్లో ఆరు గింజలు. రెండో దాంట్లో నాలుగు. మూడోది ఖాళీ.

"తెర వెనకకెల్లి వాయించినప్పుడు పాప తిరిగితే ఒక గింజ ఏసిన," అంది. "ఒక్కొక్కటి ఆరుసార్లు వాయించిండు. పెద్ద సప్పుడుకు ప్రతిసారి తిరిగింది. నడిమి దానికి నాలుగుసార్లు. చిన్నదానికి ఒక్కసారి గూడ తిరగలే."

సురేందర్ గింజలను తానూ ఒకసారి లెక్కపెట్టాడు. చప్పుడు చేసే మనిషి కనపడకుండా, ఒకే శబ్దాన్ని మళ్లీ మళ్లీ వినిపించి, ప్రతిసారీ ఫలితం పక్కన పెట్టడం. ప్రయోగం ఎలా చేయాలో ఏటా జూన్‌లో అతను పిల్లలకు చెప్పే మొదటి పాఠం అది.

"చరిత్ర అందరికీ చెప్తడు," అంది పెంటమ్మ. "ఆ రోగం ఎట్లనూ ఉన్నది. వాయించుడు మాత్రం చిన్నపిల్లలు వస్తెనే. మా జీవన్‌కు సరిగ్గ ఇనపడదని మాకు ఐదో ఏట ఎర్కైంది బిడ్డా. ఇంటినిండ కీబోర్డులే, ఒక్కటన్న వాని వెనక నిలవడి వాయించి సూడలే."

అబ్రహాం కీబోర్డుకు దుప్పటి చుడుతున్నట్టు ముఖం దించుకున్నాడు.

అప్పుడు జీవన్ చెవి వెనక చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. వినికిడి మిషన్. "ఇగ చెప్పు సార్. ఏమంటున్నరు?"

"నువ్వు ఇప్పటిదాక ఇనలేదారా?" అన్నాడు అబ్రహాం.

"నువ్వు ఎనభై ఆరు అనంగనే బంద్ చేస్త నాన్న. అమ్మ గిన్నెలు జరిపితే అయిపోయిందని మళ్ల పెడ్త."

"ముప్పై ఏండ్ల సంది నవ్వుకుంట ఇంటున్నవనుకున్న గదరా."

"నవ్వు నాదే నాన్న," అన్నాడు జీవన్.

గీత మూడు వారాల్లో మొదటిసారి పగలబడి నవ్వింది. జాను తల్లి ముఖం చూసి తానూ నవ్వింది.

"నేను కీబోర్డుల డాక్టర్ను," అన్నాడు అబ్రహాం గొంతు సవరించుకుని. "చిన్న సప్పుడు ఎందుకు ఇనపడతలేదో నాకు తెల్వది. చెవుల డాక్టరు పక్క గల్లీల ఉంటడు. రేపు పొద్దున పదింటికి నేను గూడ వస్త. అక్కడ చరిత్ర చెప్ప. ఒట్టు."

చెప్పినట్టే సోమవారం పెంటమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. దవాఖాన బెంచీ మీద నోరు బిగించుకుని కూర్చున్నాడు. డాక్టరు సురేందర్ నోటుబుక్కు నాలుగు పేజీలు తిప్పి మూసేశాడు. గీత అనపగింజల సంగతి చెబితే మాత్రం పెన్ను కిందపెట్టి రెండుసార్లు చెప్పించుకున్నాడు. మిషన్ పెట్టి చూశాక, జలుబులు వచ్చి వచ్చి కర్ణభేరి వెనక నీరు చేరిందనీ, చాలామంది పిల్లలకు అది దానంతటదే తగ్గుతుందనీ, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామనీ చెప్పాడు. "ఈ పరీక్ష ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

"కోయిల కంపెనీ," అన్నాడు సురేందర్.

డాక్టరు ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. బయట బెంచీ మీద అబ్రహాం సగం లేచాడు. పెంటమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

మూడు నెలలకు నీరు తగ్గింది. నాలుగో నెలలో ఒక సాయంత్రం జాను బోర్లించిన బకెట్ ముందు కూర్చుని, రెండు చేతులతో దాన్ని బాది, "ఎనబై," అంది.

"అమ్మ అనాల్సిన పిల్ల ఎనభై అంటుందేంటండీ?" అంది గీత.

తప్పు సురేందర్‌దే. అతను పళ్లేలు మోగించడం మానేసి, కాలేజీ నుంచి రాగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని రోజూ ఒక కథ చెబుతున్నాడు. అతనికి మొదట్నుంచి చివరిదాకా నోటికి వచ్చిన కథ ఒక్కటే ఉంది. మధ్యలో గీత, "అన్నం చల్లారిపోతుందండీ," అని పిలిస్తే అతను కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ ఎనభై ఆరుకు వెళతాడు. ఆ ఆదివారం కీబోర్డు చేతికిస్తూ, గుమ్మం దాకా వచ్చి అబ్రహాం చెప్పినదాన్ని అతను అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు.

"పరీక్షలు డాక్టర్లు పెడ్తరు సారూ, నువ్వు ముచ్చట పెట్టు. సగంల ఎవరన్న అడ్డమొస్తే పరేషాన్ గాకు, మళ్ల మొదట్నుంచి చెప్పు. పదిసార్లు నువ్వు చెప్తే, పదకొండోసారి పాపనే చెప్తది."