రైట్ అన్న మాట

ఒక్క మాటని ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను నందిగామలో ఒక మిషన్ బడి పంతుల్ని. కాపురం జగ్గయ్యపేటలో. రోజూ బస్సులోనే రాకపోకలు. ఒక వేసవిలో పాస్టరు అయ్యగారు మన్యం కొండల్లో సువార్తకు వెళ్తూ నన్నూ రమ్మన్నారు. పాత వ్యానులో పడుకోవడానికి మూడు బల్లలు బిగించి, వంటకు కిరసనాయిలు స్టవ్ పెట్టించారు. పది రోజులు అదే మా ఇల్లు. నడిపేవాడు దావీదు. అంతకుముందు నేనెక్కే బస్సుకి అతనే డ్రైవరు.

అతనంటే నాకు పడేది కాదు. పడకపోవడమేమిటి, అసహ్యం. నేను వండిన అన్నం ముద్ద చక్రం కింద పెడితే ఇక రాయి అక్కర్లేదని అయ్యగారి ముందే అనేవాడు. గూడేల్లో తెరమీద యేసుప్రభువు బొమ్మలు చూపిస్తూ నేను కథ చెబుతుంటే వెనక నిలబడి నా గొంతును అనుకరించేవాడు. జనం నవ్వేవారు. ఏడో రోజు పొద్దున అయ్యగారు, ఇకనుంచి కథ దావీదు చెబుతాడు, అతని మాట వీళ్లకి బాగా ఎక్కుతోంది అన్నారు. నేను తల ఊపాను. గిన్నెలు కడగడానికి వాగులోకి దిగి ఏడ్చాను.

ఆ రోజే, ఘాట్ మలుపులో ఎదురుగా వెదురు లారీ దిగింది. వ్యాను వెనక్కి తియ్యాలి. లారీవాడితో మాట్లాడటానికి అయ్యగారు ముందుకు నడిచారు. నేను చక్రం కింద పెట్టే రాయి పట్టుకుని వెనక నిలబడ్డాను. కుడివైపు కొండ. ఎడమవైపు లోయ.

"మేస్టారూ, ఎనక ఎంతుందో సూసి సెప్పండి" అన్నాడు దావీదు.

చూశాను. ఎడమ చక్రానికీ అంచుకీ మధ్య జానెడు కూడా లేదు.

"రైట్" అన్నాను.

చక్రం జారింది. వ్యాను పక్కకు ఒరిగి ఒక చెట్టుకు తట్టుకుని ఆగింది. దావీదు కాలు స్టీరింగు కింద నలిగిపోయింది. రాయి నా చేతిలోనే ఉంది.

అయ్యగారు పరుగున వచ్చారు. "ఏం చెప్పావయ్యా?"

"కుడికి తిప్పమన్నానండి."

"రైట్ అన్నారండీ" అన్నాడు దావీదు, మూలుగుతూ.

"అవునండీ, రైటే అన్నా. కొండవైపు తిప్పమని."

అయ్యగారు నన్ను నమ్మారు. పంతుల్ని కదా. డ్రైవరుకి ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదనుకున్నారు. కానీ రోజూ ఆ బస్సెక్కినవాణ్ణి నేను. కండక్టరు రైట్ అంటే దావీదు ఏం చేస్తాడో నాకు తెలియదా? వెనకనుంచి ఆ మాట వినబడితే అతనికి ఒక్కటే అర్థం. పోనీ అని.

మరి ఆ కుడి అన్న సాకు ఎప్పుడు పుట్టింది? మాట జారాకా, జారకముందా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. కాలు పోవాలని కోరుకోలేదు. బండి దెబ్బతినాలి, అయ్యగారి ముందు అతను తలదించుకోవాలి, అంతే అనుకున్నాను. ఆ అంతే అన్నది కూడా నన్ను నేను వెనకేసుకురావడానికేనేమో.

దావీదు మళ్లీ బండి నడపలేదు. జగ్గయ్యపేటలో బస్సులు ఆగే చోట కూర్చుని సైకిళ్లకు పంచర్లు వేసేవాడు. రోజూ కనబడేవాడు. కండక్టరు రైట్ అనగానే నేను కిటికీ వైపునుంచి మొహం తిప్పుకునేవాణ్ణి. ఒకసారి తనే పిలిచి, తప్పు తన చెవిదేననీ, నన్ను మనసులో పెట్టుకోవద్దనీ చెప్పాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. అలా అన్నందుకు అతనిమీద ఇంకా కోపం వచ్చింది. అతను చనిపోయినప్పుడు సమాధి దగ్గర వాక్యం చదవమంటే, గొంతు బాగాలేదని తప్పించుకున్నాను.

ఇప్పటికీ దావీదంటే నాకు ఇష్టం లేదు. ఉన్నట్టు నటిస్తే ఇది కూడా అబద్ధమే అవుతుంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ రోజు నేను అన్నది కుడికని కాదు. పొమ్మన్నాను.