బెండు ముక్క

మొన్న కొరియర్ కుర్రాడు ఇచ్చి వెళ్ళిన చిన్న అట్టపెట్టెను మా మనవరాలు ఆత్రంగా విప్పితే, అందులోంచి బొటనవేలంత నల్ల రబ్బరు ముక్క బయటపడింది. గుంటూరులో నా దగ్గరే ఉండి వేణువు నేర్చుకుంటోంది లెండి. ఆ ముక్కను వేణువు అడుగున తొడిగితే బొటనవేలు దానిమీద ఆనుతుందట, చెయ్యి నొప్పి పుట్టదట, వేణువు దొర్లదట. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు కసిరానో తెలియక పిల్ల బిత్తరపోయింది. నా ఈడు వాళ్ళకు, చిన్నప్పుడు విద్య కోసం వేళ్ళ కణుపులు పగలగొట్టించుకున్న వాళ్ళకు చెబితే అర్థమవుతుంది.

మాది మిరప పండే పల్లె. నాన్న, పెదనాన్న ఒకే ఇంట్లో ఉండేవారు. బడిపంతులైన పెదనాన్న వయసులో ఉండగా ఒంగోలులో వేణువు నేర్చుకుని వచ్చాడు. చుట్టుపక్కల ఆ విద్య తెలిసినవాడు ఆయనొక్కడే, ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. నాకేమో వేణువంటే ప్రాణం. ఆయన పొమ్మంటే వెళ్ళడానికి మరో గడప లేదు.

కష్టమంతా బొటనవేలితో వచ్చింది. కళ్ళంలో ఎండిన మిరపకాయలకు ముచ్చికలు తీసే పని ఇంట్లో ఆడవాళ్ళందరిదీ, నాది కూడా. పొద్దువాలేసరికి వేళ్ళు భగభగ మండేవి, ఆ మంటకు అమ్మ ఆముదం రాసేది. ఆముదం చేతులతో వేణువు పడితే అడుగున మోయాల్సిన బొటనవేలు జారేది, వేణువు దొర్లేది, ఊదే రంధ్రం పెదవి నుంచి తప్పుకుని పాట కాస్తా ఉత్త గాలి అయ్యేది. జారినప్పుడల్లా పెదనాన్న బెత్తం సరిగ్గా ఆ కణుపు మీదే పడేది. ఏడిస్తే ఇంకొకటి. గోరు నల్లబడి ఊడిపోయింది. అయినా మర్నాడు వెళ్ళి కూర్చునేదాన్ని.

అమ్మ చూస్తూ ఉండేది, ఏమీ అనేది కాదు. అనడానికి లేదు మరి. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు అన్న రోజులవి. కాపురానికి వచ్చినప్పటినుంచీ అమ్మ తలుపు చాటునే మెలిగింది. అలాంటిది ఒకరోజు జొన్నబెండు ముక్కను నా వేలికి సరిపడా గుంటగా చెక్కి, వేణువు అడుగున నూలుదారంతో బిగించి కట్టింది. ఆ పూట వేలు గుంటలో కుదురుకుని, పాట మొదటినుంచి చివరిదాకా తెగకుండా వచ్చింది. ఎంత హాయిగా ఉందో! ఆ మాట చెబుదామని అమ్మ దగ్గరికి పరుగెత్తబోయాను.

అంతలో పెదనాన్న వేణువు లాక్కుని తిప్పి చూశాడు. "ఆసరా కట్టుకుని ఊదుతావుటే, కుంటిదానా!" అని దారం పళ్ళతో తెంపి, వేణువును మోకాలికేసి ఫెళ్ళున విరిచి, ఆ ముక్కతోనే బాదడం మొదలుపెట్టాడు. చీలిన వెదురు అంచు తగిలి మోచేతి నుంచి నెత్తురు కారింది.

పెరట్లో అమ్మ కారం దంచుతోంది. రోకలి చప్పుడు ఆగింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డయినా విప్పకుండా, రోకలితో సహా వసారాలోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"బావగారూ, ఇంకొక్క దెబ్బ పడిందా, మీ చెయ్యి రోట్లో పెట్టి దంచుతానండీ!"

చూడండి, అప్పుడు కూడా అండీ మానలేదు. ఆయన నమ్మక మళ్ళీ చెయ్యెత్తాడు. రోకలి ఆయన బొటనవేలి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను, దాని వెనకే ఆయన అరుపు. గాయంలోకి కారం దిగి నేలమీద పడి దొర్లాడు. అబద్ధం ఎందుకు, నాకు జాలి కలగలేదు, సంతోషం వేసింది.

పొలం నుంచి వచ్చిన నాన్న, అన్నగారి మీద చెయ్యెత్తినందుకు అమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, పెదవి చిట్లేలా కొట్టాడు. అమ్మ లేచి, నోరు కడుక్కుని, మిగిలిన కాయలు కూడా దంచింది. కొద్దిరోజులకే ఇంటి మధ్య గోడ లేచింది. ఇక నా వేణువు సంగతి అంతేననుకున్నాను.

కట్టు విప్పాక పెదనాన్న గోడ అవతల ఊదడం వినిపించేది. నాలుగు స్వరాలు పలికేవి, తర్వాత ఉత్త గాలి. వంకరగా అతికిన వేలిమీద వేణువు నిలవడం లేదని నాకు ఇట్టే తెలిసిపోయింది, ఆ గాలి నాకు పాత పరిచయమేగా. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఆయన వేణువును గోడమీద పెట్టి వెళ్ళింది. అమ్మ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. పొయ్యిలో పెడుతుందనుకున్నాను. ఆ వేలు ఎటు వంగి ఉంటుందో విరిచిన మనిషికి తెలియక ఎవరికి తెలుస్తుంది. దానికి తగ్గట్టు బెండు చెక్కి, దారం బిగించి, మళ్ళీ గోడమీద పెట్టింది.

మర్నాడు అవతలనుంచి "ఏమే, రా" అని కేక. ఆయన నా చేతిలో పెట్టిన మరో పాత వేణువుకు బెండు ముక్క కట్టి ఉంది, వచ్చీరాని చేత్తో ఆయనే కట్టాడు. ఆ తర్వాత నన్ను కొట్టలేదు. మంచివాడయ్యాడని కాదు, బెత్తం పట్టడానికి ఆ వేలు వంగేది కాదు. అమ్మ మొహం మాత్రం తను పోయేదాకా చూడలేదు.

ఇప్పుడు వేలు నొప్పి అంటే చాలు, ముక్క ఇంటికే వస్తుంది. పాఠం చెప్పే ఆవిడ కూడా ఫోన్‌లో, నొప్పిగా ఉందా తల్లీ అని అడిగి మరీ మొదలుపెడుతుంది. మంచి కాలం, దిష్టి తగలకూడదు. నాకు ఒళ్ళు మండింది పిల్లమీద కాదు, ఇంత చిన్న ముక్క కోసమా మా అమ్మ పెదవి పగిలింది అని.

చివరికి ఆ నల్లముక్కను వేణువుకు నేనే తొడిగాను. పిల్ల ఊదింది. వేలు కదల్లేదు, పాట తెగలేదు.

"హాయిగా ఉంది అమ్మమ్మా" అంది.

ఆ మాట చెప్పాలనే ఆ రోజు నేను మా అమ్మ దగ్గరికి పరుగెత్తబోయాను. తర్వాత ఆ దెబ్బల్లో, ఆ గోడల్లో చెప్పడం కుదరలేదు, అమ్మ పోయింది.