వాలీ వాలని కప్పు

ఈ కింద రాసిందంతా అక్షరాలా నిజమని వంటింట్లో ఉప్పు డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. దేవుడి పటాల మీద ప్రమాణం చేసే హక్కు మా ఇంట్లో నాకు పెళ్లైన రెండో ఏడే పోయింది.

బెంగళూరులో మా ఇంటి పక్కనే ఒక కారు షెడ్డుంది. కారు కొంటాననే ధైర్యంతో కట్టించాను. కారు రాలేదు, మా ఆవిడ కుట్టు మిషను వచ్చింది. సర్జాపుర అపార్ట్‌మెంట్ల నుంచి కూడా పెళ్లి జాకెట్లు ఆమె దగ్గరికే వస్తాయి. ఇబ్బందల్లా పైనున్న సిమెంటు రేకులతోనే. వాటికి వాలు లేదంటే లేదు. వాన నీళ్లు జారిపోకుండా పైనే నిలిచి, అతుకుల సందుల్లోంచి తీరిగ్గా లోపలికి దిగుతాయి. తారు పూశాను, టార్పాలిన్ కప్పాను. చివరికి ఆ మడుగులో ఒక కొంగ వచ్చి ఒంటికాలి మీద నిలబడింది. మూడు రోజులు చూసి, చేప దొరక్క, నన్ను చీదరగా చూసి ఎగిరిపోయింది.

మొన్నటి వానకు ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్టు భుజం మీద చుక్క పడింది. మరక వదిలేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు. వదిలాక విప్పింది.

"ఇంగొక్క చుక్క పడితే మిషను తెచ్చి హాల్లో పెడతా. మీ దివాను షెడ్డుకు పోతాది, చెప్తుండా."

ఫ్యాను కింద, ఇరవై ఏళ్లుగా నా మధ్యాహ్నం కునుకులకు అలవాటుపడి నా ఆకారంలోకి మారిన దివాను అది! మర్నాడే ఆనేకల్ నుంచి రేకుల మేస్త్రీని పిలిపించాను.

ఆయన నిచ్చెనెక్కి, జేబులోంచి నిమ్మకాయ తీసి రేకు గాడిలో పెట్టాడు. అది కదల్లేదు.

"ఎవురప్పా ఈ వాలు పెట్టింది?"

"వాస్తు సిద్ధాంతి. నీళ్లు ఈశాన్యానికే పోవల్లన్నాడు," అన్నాను.

"ఈశాన్యంలో నీళ్లు పోయే మోరీ ఉండాదా?"

"ఆడ పక్కింటి గోడ. మోరీ నైరుతిలో ఉండాది."

"మరి?"

"రెండిటికీ మధ్యస్థంగా పెట్టమన్నాడు."

"బాగుండాదప్పా! యాడికి పోవల్లో తెలీక నీళ్లు ఈడే కాపురం పెట్నాయి."

కింద మిషను ఆగింది. "ఆ సిద్ధాంతి మళ్లా వస్తే నాకు చూపీయండి. బట్ట కొలిచే కడ్డీ ఈడే ఉండాది."

"ఆయన కాశీకి పోయినాడంట," అన్నాను గబగబా.

మేస్త్రీ పాత రేకులు దించేసి, ఈశాన్యం వైపు గోడను మూడు వరసలు లేపి, కొత్త రేకులను నేరుగా మోరీ వైపుకి వాల్చాడు. ఈసారి నిమ్మకాయ పెడితే జర్రున జారి, గేటు దాటి వీధిలో పడింది. ఈపాటికి ఆటో ఎక్కి నగర్తపేట బజారు చేరుంటుంది.

తర్వాతి వానకు నేను దివాను మీద పడుకుని, ఆమె కేక కోసం చెవులు రిక్కించి విన్నాను. గంటసేపు మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. దివాను దక్కింది.

ఇక ఒప్పుకోవాలి. ఇందులో ఒక్కటి కల్పితం. మీరు కొంగనే అనుమానిస్తారు. కొంగ వచ్చింది. రానిది సిద్ధాంతి. పంచాంగం చివర్లో నాలుగు ముక్కలు వాస్తు చదివి ఆ వాలు పెట్టించింది నేనే. మా ఆవిడ నా రాతలు చదవదు. కానీ జాకెట్లు చుట్టే పాత కాగితాల్లో ఒక్కదాన్నీ చదవకుండా వదలదు. ఈ కాగితం ఆ షెడ్డు చేరేలోగా ఇంకొక్క కునుకు తీస్తాను.